తవుడు పేరున్న వరస

ఈ పుస్తకం మొదలుపెట్టిన 611వ రోజు, మంగళవారం. మంచు.

పొద్దున్నే సోలారు పలకలు తుడిచాను. మెయిళ్ళు పట్టే ఉత్తరం స్తంభం మీద కోతి కూర్చుంది. రాయి చూపిస్తే దిగింది. బ్యాటరీల్లో నీళ్ళు పోశాను. పది గంటలకు మెయిళ్ళు చూశాను. మొత్తం నలభై ఆరు. ఫిల్టరు పదిహేను మంచివని ట్రేలో పెట్టింది. ముప్పై ఒకటి చెత్తబుట్టలో వేసింది.

విత్తనాల కొట్టు దమయంతి తిరిగొచ్చింది. వెళ్ళి ఆరు రోజులైంది. వెంట తోలుకెళ్ళిన మేకలు లేవు.

ఆమెకు రెండు కళ్ళలోనూ పువ్వు వేసింది. ఎడమ కన్ను ఇక రాదు. కుడి కంటికి వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. ఐదేళ్ళ కిందట మా చీపురుగట్టుకు వచ్చేటప్పటికే అలా ఉంది. కొట్లో గింజల్ని వేళ్ళతో తడిమి గట్టివీ తాలువీ వేరు చేస్తుంది. తేనెకొండ కంటాసుపత్రిలో పేరు రాయించుకుంది. పోయినవారి కంటి పొర దొరికినప్పుడు అక్కడివాళ్ళు వంతు ప్రకారం మెయిలు పంపి పిలుస్తారు. ఆ పొర ఎక్కువ రోజులు నిలవదు. గడువులోగా చేరకపోతే తరవాతి పేరుకు ఇచ్చేస్తారు.

పోయిన బుధవారం ఆమెకు పిలుపు వచ్చింది. ట్రేలోంచి తీసి నేనే చదివి వినిపించాను. నీ వంతు వచ్చింది, బెల్లంగెడ్డ రేవుకు రా, ఖర్చుల కింద నీ మేకలు రెండూ మా మనిషికి అప్పజెప్పు, అతనే నిన్ను ఆసుపత్రికి తీసుకొస్తాడు అని ఉంది.

ఈరోజు మా మెయిలు మజిలీ గుమ్మంలో కూర్చుని చెప్పింది.

"మేకల్ని పట్టుకున్నాడు. ఇక్కడే ఉండమ్మా, బండి తెత్తాను అన్నాడు. రెండ్రోజులు కూకున్నాను పెదనాన్నా. గెడ్డలో నీళ్ళ సప్పుడు తప్ప ఏటీ నేదు."

"ఆసుపత్రోల్ని అడగనేదా?"

"ఉప్పు మోసేవోళ్ళ రేడియో సెట్టులో అడిగించినాను. నాకు ఆళ్ళు మెయిలే పంపనేదంట."

మజ్జిగ తాగుతావా అన్నాను. తాగింది.

"నువ్వు సదివినావని ఎల్లేను" అంది లేస్తూ. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

612వ రోజు, బుధవారం. మంచు.

ఫిల్టరులో ఏది మార్చినా ఎందుకు మార్చామో ఈ పుస్తకంలో రాయాలని కట్టుబాటు. నా తరవాత మజిలీకి వచ్చేవారికి తెలియాలి కాబట్టి విడమరచి రాస్తున్నాను. నా చదువు ఊరి బడిలో ఏడో తరగతి. తప్పులుంటే సర్దుకోండి.

ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలన్నీ రాలిపోయాక మెయిలు కొండ నుంచి కొండకు నడుస్తోంది. ఒక మజిలీ దాటిన ప్రతిసారీ ఆ మజిలీ దాని నెత్తిన ఒక వరస రాస్తుంది. ఎటునుంచి అందింది, ఎవరు చూశారు, తనిఖీ సరిపోయిందా లేదా అని. ఇవే హెడర్లు. కొత్త వరస ఎప్పుడూ పాతదాని మీద పడుతుంది. అందుకని అన్నిటికంటే పైన ఉండేది మన మజిలీ రాసింది. కిందికి పోయేకొద్దీ పాతవి.

ఫిల్టరు ఈ వరసలు చదివి మెయిలుకు మార్కులు వేస్తుంది. ఎనిమిది వస్తే ట్రేలోకి. తగ్గితే చెత్తబుట్టలోకి. నమ్మకమైన మజిలీల పేర్ల జాబితా ఒకటుంది. ఆ జాబితాలో పేరు వరసల్లో ఎక్కడ కనబడినా పది మార్కులు.

దమయంతికి వచ్చిన దొంగ మెయిలు ఈరోజు మళ్ళీ తీసి చదివాను. నాలుగు వరసలున్నాయి. మూడో వరసలో ఇలా ఉంది: తవుడు మజిలీ చూసింది, తనిఖీ సరిపోయింది.

తవుడు మాఘమాసంలో పోయాడు.

బొంతు తవుడు మా ఉత్తరాన వలసగట్టు మజిలీ చూసేవాడు. మజిలీలకు చూసేవారి పేరే ఉంటుంది. ఇరవై రెండేళ్ళు రోజూ పొద్దున ఆరింటికి అతనూ నేనూ ఒకరికొకరం పరీక్ష మెయిలు పంపుకున్నాం. ఎదురెదురుగా చూసుకున్నది నాలుగుసార్లు. పరీక్ష మెయిల్లో ఏదో ఒకటి రాయాలి కదా. నేను 'సరే' అని రాసేవాణ్ణి. అతను వాళ్ళ గట్టు మీద ఆ పూట ఏ కూర వండారో రాసేవాడు.

ఇప్పుడు ఆ మజిలీ అతని కోడలు సన్యాసమ్మ చూస్తోంది. పొద్దున పరీక్ష మెయిలు వస్తోంది, దానికి వరసలూ ఫిల్టరూ ఉండవు. అందులో 'సరే' అని ఉంటోంది.

మధ్యాహ్నం తాడుబండి కూర్మయ్య వచ్చాడు. లోయ మీదుగా తాడు మీద బస్తాలు దాటించే బండి అతనిది. తనకొచ్చిన మెయిలొకటి చదివించుకున్నాడు. అదీ దొంగదే. రేవు దగ్గర వంద బస్తాల చోళ్ళు చవగ్గా ఉన్నాయట. అందులోనూ తవుడు వరస ఉంది.

"సచ్చిపోయినోడు సంతకాలెడతన్నాడేటి బావా?" అన్నాడు.

"ఊరుకో."

"ఊరుకోడానికేటుంది. జాబితాలోంచి ఆ పేరు తీసీరాదా?"

"ఏడాది తిరగనేదు."

కూర్మయ్య తల గోక్కున్నాడు. అతనికీ తెలుసు. పోయిన మనిషి ఏడాది తిరిగేదాకా దారిలోనే ఉంటాడని మావాళ్ళ నమ్మకం. ఏ మజిలీ దగ్గర ఆగినా, తన పేరు అక్కడ తెలిసి ఉండాలి. అందుకని ఏ జాబితాలోనూ పేరు కొట్టేయరు. మా దగ్గరే కాదు, ఈ కొండల్లో అన్ని మజిలీల్లోనూ అంతే.

613వ రోజు, గురువారం. ఎండ.

పొద్దున మళ్ళీ మూడు దొంగ మెయిళ్ళు. మూడింటిలోనూ తవుడు. ఒకటి దమయంతికే. ఈసారి బియ్యం తెమ్మని ఉంది.

పేటలో పెద్దల్ని అడిగి చేయాల్సిన పని. పదిమందిలో నిలబడి చెప్పాలి. రచ్చబండ దాకా వెళ్ళాను. అక్కడ ఏడెనిమిదిమంది కూర్చుని గట్టిగా నవ్వుకుంటున్నారు. తిరిగి వచ్చేశాను.

సన్యాసమ్మకైనా చెప్పాలి. సెట్టు చేతిలోకి తీసుకున్నాను. నీ మావ పేరు కొట్టేస్తున్నాను అని కోడలికి ఎలా చెప్పడం? సెట్టు కింద పెట్టాను.

పన్నెండు గంటలకు జాబితా తెరిచి తవుడు పేరు తీసేశాను.

మార్పు: నమ్మకం జాబితాలో ఒక పేరు తీసివేత. కారణం: ఆ పేరుతో దొంగ మెయిళ్ళు వస్తున్నాయి.

ఎవరికీ చెప్పలేదు.

616వ రోజు, ఆదివారం. ఎండ.

నాలుగు రోజులుగా ట్రేలోకి ఒక్క దొంగ మెయిలూ రాలేదు. బాగుంది. అసలు మెయిళ్ళే తగ్గాయి. రోజుకు ఐదూ ఆరూ. ఎండలకు కొండల మధ్య గాలి అదిరితే ఒక్కోసారి ఇలాగే తగ్గుతుంది.

చెత్తబుట్ట రోజూ ఒకసారి తిరగేయాలి. అది కూడా కట్టుబాటే. చూడలేదు. దాన్ని తెరిస్తే ప్రతి మెయిలు మీదా తవుడు పేరు ఉంటుంది. అతని పేరు చెత్తలో చూడాలనిపించలేదు.

పలకలకు కొత్త గుడ్డ కుట్టాను.

618వ రోజు, మంగళవారం. మబ్బు.

కూర్మయ్య అడిగాడు. "మా బామ్మర్ది మెయిలెట్టి ఉండాలి బావా. రానేదేటి?"

"రానేదు."

"ఆడు మనిషి కాదులే. మెయిలెడతానన్నాడంటే ఎట్టడు."

నేనూ అదే అనుకున్నాను.

619వ రోజు, బుధవారం. మబ్బు.

ఇది రాసే సమయానికి సాయంత్రం ఐదైంది. పొద్దుటి నుంచి జరిగింది వరసగా రాస్తాను.

పది గంటలకు చెత్తబుట్ట నిండిందని యంత్రం ఎర్రదీపం వేసింది. చూడకుండా ఖాళీ చేయకూడదు. కూర్చుని ఒక్కొక్కటీ తెరిచాను.

మూడోది కూర్మయ్య బావమరిది రాసింది. నిజంగా అతనే. వాళ్ళావిడకు కాన్పు అయిందని. ఏడోది బడి పుస్తకాల గురించి. పదకొండోది వైద్యుడు పంపిన మందుల చీటీ. అన్నీ మంచివే. అన్నిటిలోనూ తవుడు వరస ఉంది.

నలభై మూడోది దమయంతికి, తేనెకొండ కంటాసుపత్రి నుంచి. శనివారం పదకొండింటికి వచ్చింది. పొర దొరికింది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోగా చేరాలి. వెంట ఏమీ తేనక్కరలేదు.



అప్పుడు తెలిసింది. సన్యాసమ్మ తన మజిలీ పేరు మార్చలేదు. ఇంకా మావ పేరుతోనే వరస రాస్తోంది. నేను ఆ పేరు తీసేసిన రోజు నుంచి ఉత్తరాన ఉన్న ఊళ్ళన్నీ నా ఫిల్టరుకు చెత్తయ్యాయి.

తాడుబండి మీద వలసగట్టు దాకా ఒక రోజు. అక్కడినుంచి కొండదారి దాదాపు ఇంకో రోజు. ఉన్నది రెండు రోజులు.

దొంగ పిలుపు, అసలు పిలుపు రెండు కాగితాలూ అచ్చుతీసుకుని విత్తనాల కొట్టుకు పోయాను. దమయంతి చేట ముందేసుకుని కూర్చుంది. చెప్పాను. ఆమె చేతులు గింజల్లోంచి బయటికి తీయలేదు.

"నాను రాను."

"ఇది నిజమైనదే అమ్మా."

"అప్పుడూ నువ్వే సదివినావు."

నిలబడ్డాను. ఆమే అడిగింది.

"ఆ దొంగదాన్లో తవుడు పేరున్నాదా?"

"ఉంది."

"దీన్లో?"

"ఉంది."

"మరి తేడా ఏటి పెదనాన్నా? నాను తడిమినా రెండు కాయితాలూ ఒకలాగే ఉన్నాయి."

రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. నాకూ వెంటనే తెలియలేదు. రెండింటిలోనూ అవే మాటలు. పైనుంచి వేలు పెట్టి ఒక్కో వరసా పైకి చదివాను, ఆమెకు వినపడేటట్టు.

దొంగది. మొదటి వరస నా మజిలీ రాసింది: దక్షిణం స్తంభం మీద అందింది. రెండోది: పేరు తెలియని సెట్టు. మూడోది తవుడు. నాలుగోది ఆసుపత్రి.

అసలుది. మొదటి వరస నా మజిలీ రాసింది: ఉత్తరం స్తంభం మీద అందింది. రెండోది తవుడు. మూడోది ఆసుపత్రి.

అక్కడ నా వేలు ఆగింది.

"దమయంతీ, ఉత్తరం స్తంభం వలసగట్టుకే ఎదురుగా ఉంది. దాన్లోకి మరెవరూ మాటాడనేరు. దక్షిణం స్తంభం అలాక్కాదు. కింద దారినపోయే ఎవడైనా సెట్టుంటే మెయిలెయ్యొచ్చు."

"అయితే?"

"దొంగదాన్ని నాకు అందించినోడు పేరులేనోడు. ఆడి కిందనున్న వరసలన్నీ ఆడే రాసుకొచ్చుంటాడు. తవుడు పేరూ ఆడే రాసినాడు, ఆసుపత్రి పేరూ ఆడే రాసినాడు. మనం చదివి నమ్మీసినాం. దీన్ని మాత్రం వలసగట్టు నా చేతికిచ్చింది."

ఆమె చేటలో గింజల్ని ఒకసారి సర్దింది.

"నువ్వు రాసిన వరస నమ్ముతాను. నీకిచ్చినోల్ని అడిగినావా, ఇచ్చినారో నేదో?"

"అడగనేదు."

"అడుగు. నా ఎదట అడుగు."

ఇద్దరం మజిలీకి వచ్చాం. ఆమె నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. సెట్టు తీశాను. సన్యాసమ్మతో నేను నోటితో మాట్లాడటం ఇదే మొదటిసారి.

"సన్యాసమ్మా. నేను, చీపురుగట్టు పాపినాయుడిని."

"సెప్పండి మావా!" గొంతులో ఆశ్చర్యం. "బాగున్నారా?"

"బాగున్నాను. శనివారం తేనెకొండ ఆసుపత్రి నుంచి దమయంతి పేరున మెయిలొకటి నువ్వు పంపినావా?"

"పంపేను కదా. ఆసుపత్రి అమ్మ సెట్టులో కూడా సెప్పింది, ఇది తొందరగా పంపమ్మా అని. ఆవిడ ఇంకా బయల్దేరనేదా?"

"మెయిలు నా చెత్తబుట్టలో పడింది."

"అదేటి?"

చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. "జాబితాలోంచి తవుడు పేరు కొట్టీసినాను. ఆరు రోజులైంది."

దమయంతి సెట్టు వైపు వంగింది.

"ఏడాది తిరగనేదు మావా" అంది సన్యాసమ్మ.

"తెలుసు."

"నాకొక మాట సెప్పుంటే పోయీది."

"సిగ్గేసింది."



"నాదీ తప్పుంది. మజిలీ నా పేరు మీదకి మార్చుకోవాలంటే, తీసీసే పేరు యంత్రంలో కొట్టమంటాది. మా మావ పేరు నోటితోనే అనను, సేత్తో ఎలా కొడతాను? సమచ్చరీకం అయ్యాక ఎవరిచేతైనా కొట్టిద్దామని ఊరుకున్నాను." గొంతు మారింది. "ఆవిడ అక్కడుందా? అమ్మా, ఆ మెయిలు నిజమైందే. నా సేత్తో పంపేను. ఎమ్మట్నే బయల్దేరమ్మా. తాడుబండి దిగే కాడికి నేను మనిషిని పంపిత్తాను."

దమయంతి లేచి నిలబడింది. "కూర్మయ్య ఏడీ?" అంది.

కూర్మయ్య బస్తాలు దింపుతున్నాడు. తాడుబండి మీద మనుషులు ఎక్కకూడదని నియమం. విషయం విని సగం బస్తాలు కింద పడేశాడు.

"నువ్వెంత బరువుంటావమ్మా?"

"ఒకటిన్నర బస్తా."

"అయితే చోళ్ళే అని రాసుకుంటాను. గట్టిగా పట్టుకో. కిందికి చూడకు."

"చూత్తే కనబడతాదేటి నాకు?" అంది దమయంతి.

ఒంటిగంటకు బయల్దేరారు. కూర్మయ్య కూడా వెళ్ళాడు. వెళ్ళేముందు వాళ్ళ బావమరిది కాగితం చేతికిచ్చాను. "చూసినావా, ఆడు మనిషే" అన్నాడు.

620వ రోజు, గురువారం. చినుకులు.

రోజంతా ఫిల్టరు దగ్గరే ఉన్నాను.

తవుడు పేరు మళ్ళీ జాబితాలో పెట్టాను. పేరు పెట్టినా తీసినా దొంగను ఆపేది అది కాదు. తవుడు బతికున్న రోజుల్లోనూ ఈ కన్నం ఉంది. ఎవడూ దూరలేదు, అంతే.

మార్పు ఒకటి: వరసల్లో ఎక్కడ పేరున్నా మార్కులు వేసే పద్ధతి తీసేశాను. ఇకమీదట ఫిల్టరు పైనుంచి చదవాలి. మొదట మన వరస. అది మనం రాసింది కాబట్టి నమ్మాలి. అందులో ఏ స్తంభం మీద ఎవరు అందించారని ఉందో చూడాలి. ఆ అందించినవారు జాబితాలో ఉంటే వారు రాసిన రెండో వరస నమ్మాలి. వారికి ఎవరు అందించారో అక్కడ ఉంటుంది. వారూ జాబితాలో ఉంటే మూడోది. జాబితాలో లేని పేరు తగిలిన చోట ఆగిపోవాలి. దానికింద ఎంత గొప్ప పేరున్నా చదవకూడదు.

మార్పు రెండు: మన మజిలీ పేరుతో ఏ వరసైనా బయటినుంచి రాసుకుని వస్తే, లోపలికి రానిచ్చేముందే దాన్ని చెరిపేయాలి. మన వరస మనమే రాయాలి.

బుట్టలో ఉన్న పాత మెయిళ్ళన్నీ మళ్ళీ ఫిల్టరులో పోశాను. తవుడు పేరున్న తొమ్మిది దొంగవీ చెత్తలోకే పోయాయి. తవుడు పేరున్న మంచివన్నీ ట్రేలోకి వచ్చాయి. ఒక్కటి తేడా వచ్చింది. కుండలమ్మే ఆవిడ దారిలోంచి వాళ్ళమ్మకు రాసిన ఉత్తరం. దక్షిణం స్తంభం మీద పేరులేని సెట్టు నుంచి వచ్చింది, చెత్తలో పడింది. అందులో దొంగతనమేమీ లేదు. కాళ్ళు నొప్పులు, వాన, పిల్లల్ని జాగ్రత్తగా చూడమనడం, అంతే.

ఇలాంటివి ఫిల్టరుకు తెలియవు.

మార్పు మూడు: అనుమానం ట్రే అని ఇంకొకటి పెట్టాను. తెలియనివాళ్ళు అందించినవి అందులో పడతాయి. మనిషి చూడాలి. రోజూ చూడాలి.

621వ రోజు, శుక్రవారం. వాన.

పన్నెండు గంటలకు సెట్టు దగ్గర కూర్చున్నాను. ఏమీ రాలేదు. ఒంటిగంటకు అన్నం తిన్నాను. మూడింటికి పలకలు తుడవడానికి వెళ్ళి, వానలో పలకలు తుడవడమేమిటని తిరిగి వచ్చాను.

622వ రోజు, శనివారం. వాన.

సన్యాసమ్మ సెట్టులో చెప్పింది. వానకు కొండదారి జారిపోయింది. దమయంతి ఆసుపత్రికి చేరేసరికి శుక్రవారం సాయంత్రం నాలుగైంది. పన్నెండున్నరకే ఆ పొరను తరవాతి పేరుకు ఇచ్చేశారు. ఎవరో తాపీపని చేసే అతనికట.

"నాలుగు గంటలు మావా" అంది సన్యాసమ్మ.

నాలుగు గంటలు కాదు. శనివారం నుంచి బుధవారం దాకా నాలుగు రోజులు. అవి నావి.

624వ రోజు, సోమవారం. మబ్బు.

రచ్చకు వెళ్ళాను. పదకొండుమంది ఉన్నారు. నిలబడి చెప్పాను. మొదటిసారి ఎవరికీ వినపడలేదు. రెండోసారి చెప్పాను. తవుడు పేరు నేను తీసేశాను, చెత్తబుట్ట చూడలేదు, దమయంతికి రావాల్సిన కన్ను పోయింది.

పెద్దామె గవరమ్మ నావైపు తిరిగింది.

"సచ్చిపోయినోడి పేరు కొట్టీడానికి నీకు సెయ్యెలా వొచ్చింది నాయుడూ?"

"కొట్టీసినాను. మళ్ళీ పెట్టీసినాను."

"బతికున్నదాని కన్నో?"

మజిలీ వేరేవాళ్ళకు అప్పగిస్తానన్నాను. ఎవరికని అడిగింది. ఎవరూ ముందుకు రాలేదు. "అయితే నోరు మూసుకుని పని సూడు. నోరు తెరవాల్సినప్పుడు మాత్రం తెరువు" అంది.

ఇంటికి వచ్చేటప్పుడు కూర్మయ్య పక్కన నడిచాడు.

633వ రోజు, బుధవారం. ఎండ.

దమయంతి తిరిగి రాలేదు. ఆసుపత్రి వరండాలోనే ఉందట. వంతులో ఆమె పేరు మొదటే ఉంచారు. ఎప్పుడు పొర దొరికినా చేతికందేటంత దగ్గర్లో ఉంటానందట. ఇక మెయిలు అక్కరలేదు. వంటశాలలో పప్పులు తడిమి రాళ్ళు ఏరిపెడుతోందట, కూటి కోసం.

కొట్లో గింజలు పేరుకుపోయాయి. సాయంత్రం పూట వెళ్ళి కొన్ని నేను ఏరుతున్నాను. కళ్ళుండి కూడా ఆమె అంత బాగా రావడం లేదు.

641వ రోజు, గురువారం. ఎండ.

అనుమానం ట్రేలో ఆరు. నాలుగు పారేశాను. రెండు ఇచ్చేశాను.

పదకొండింటికి మంచి ట్రేలో మెయిలు. పైనుంచి చదివాను. ఉత్తరం స్తంభం. దాని కింద తవుడు. దాని కింద తేనెకొండ ఆసుపత్రి. వేలు ఎక్కడా ఆగలేదు.

దమయంతికి నిన్న కుడికంటికి పొర వేశారు. కట్టు విప్పడానికి టైము పడుతుంది. ఎంతవరకు కనబడుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

అడుగున ఆమె చెప్పి రాయించిన మాట ఒకటి ఉంది. కొట్లో చోళ్ళకు పురుగు పట్టకుండా వేపాకు వేయమని.

వేశాను.

676వ రోజు, గురువారం. ఎండ.

పది గంటలకు మెయిళ్ళు చూస్తుంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. దమయంతి. నల్లద్దాలు పెట్టుకుంది. చేతిలో కర్ర లేదు. వెనక కూర్మయ్య ఉన్నాడు, ఈసారి పూర్తి బండి ఖాళీ చేసి తెచ్చాడట.

అద్దాలు పైకెత్తి కుడికన్ను చికిలించి నన్ను చూసింది. ఐదేళ్ళుగా తెలిసిన మనిషి. నన్నెప్పుడూ చూడలేదు. నేను కిందికి చూశాను.

"ఇంత పొట్టోడివేటి పెదనాన్నా? గొంతు వింటే బాగా పొడుగు అనుకున్నాను."

"ముసలితనానికి కుంగిపోనాడు" అన్నాడు కూర్మయ్య. "మొదట్లో కూడా పొట్టే."

దమయంతి నవ్వలేదు. నా ముఖం ఇంకా చూస్తోంది. ఈ రెండు నెలలూ మనసులో కూర్చుకున్న మాట చెప్పాను. "నాలుగు రోజులు నేను బుట్ట తెరవనేదు. ఆ పొర నావల్లే పోయింది."

"సన్యాసమ్మ సెప్పింది."

"నువ్వెంత తిట్టినా..."

"తిట్టేను. వరండాలో కూకుని రోజూ తిట్టేను. నీకు పొలమారనేదా?" అని బల్ల దగ్గరికి వచ్చింది. "ఎందుకు తెరవనేదు?"

"తవుడు పేరు చెత్తలో సూడలేక."

ఆమె బల్ల మీద చెయ్యి తడిమి, తడమడం ఆపి, చూసి, అనుమానం ట్రే ముందుకు లాక్కుంది. ఈరోజువి తొమ్మిది కాగితాలు.

"ఇయ్యేనా మనిషి సూడాల్సినయ్యి?"

"అవును."

"నువ్వు ఫిల్టరు సూసుకో. ఇయ్యి నాను సూత్తాను, రోజూ. తాలు గింజ నా దగ్గిరే ఎప్పుడూ దాగనేదు." స్టూలు లాక్కుని కూర్చుంది. "పెద్దచ్చరాలే కనబడతన్నాయి ఇంకా. సిన్నవి నువ్వు సదువు."

మొదటి కాగితం కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుంది. పై వరస మీద వేలు పెట్టింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. చదువుతోందో లేదో చూద్దామని వంగాను.

"ఎలుతురికి అడ్డం నిలబడకు పెదనాన్నా" అంది.

పక్కకు జరిగాను.